2 గంటల బస్ 2:01కి ఎందుకు చేరింది? (ఆదివారం హాఫ్, ఈ వారం శిక్షణ)

తెల్లారిపరుగు
ఆదివారం హాఫ్ మారథాన్ ఫలితాలు వచ్చేశాయి. మన క్లబ్ నుంచి దిగినవాళ్ళంతా పూర్తి చేశారు. మొదటిసారి 21 కి.మీ. దాటినవాళ్ళకు ప్రత్యేకంగా అభినందనలు. 10కె గురించి విడిగా రాస్తాను, అక్కడ గొడవేమీ లేదు.

ఇక్కడ మాట్లాడాల్సింది 2 గంటల బస్ గురించి, అంటే 2 గంటల్లో చేర్చడానికి జెండా పట్టుకుని ఒకే వేగంతో వెళ్ళే పేసర్, అతని వెంట పరిగెత్తే గుంపు. జెండా మీద 2:00 అని ఉంది. జెండాతో చివరిదాకా ఉన్నవాళ్ళందరికీ చిప్ టైమ్ 2:01 దాటింది. పేసర్ మన క్లబ్ మనిషే, ఈ థ్రెడ్ చదువుతున్నాడు. కాబట్టి మర్యాదగా మాట్లాడుకుందాం. కానీ మాట్లాడుకుందాం.

మూడోలేన్
మాట్లాడటానికేముంది అన్నా, కోర్సే (రేస్ దారే) పొడవు. నా వాచ్‌లో 21.36 వచ్చింది. హాఫ్ అంటే 21.1. దాదాపు 260 మీటర్లు ఎక్కువ పరిగెత్తించారు. నిర్వాహకులకు మెయిల్ పెట్టాలి.

గాలివాటం
నాకు 21.31.

లేస్‌ముడి
నాకు 21.41! ఇంకాస్త ఉంటే 22 కొట్టేసేవాణ్ణి 😀

జెండామోత
పేసర్ని నేనే. విషయం సూటిగా చెప్తాను. నా వాచ్ సగటు పేస్ (కిలోమీటర్‌కి పట్టే టైమ్) మొదటి కిలోమీటర్ నుంచి చివరిదాకా 5:40. ఎక్కడా 5:38 కన్నా తగ్గలేదు, 5:42 దాటలేదు. 5:40 అంటే 1:59:33కి చేరాలి. చేరలేదు. ఫైల్ ఎవరికి కావాలన్నా పంపుతాను. అంతకన్నా నిలకడగా ఎవరూ పరిగెత్తలేరు.

కొలతబద్ద
@జెండామోత ఫైల్ అక్కర్లేదు తమ్ముడూ, నువ్వు చెప్పింది చెప్పినట్టు నమ్ముతున్నాను. లెక్క నీ మాటల్లోనే ఉంది. 21.36 కి.మీ.ని 5:40తో గుణిస్తే 2:01:02. వాచ్ దూరానికి నువ్వు అచ్చంగా పేస్ చేశావు. అయితే ఫినిష్ గీత వాచ్ దగ్గర ఉండదు, రోడ్డు మీద ఉంటుంది.

@మూడోలేన్ మెయిల్ పెట్టేముందు కోర్సు ఎలా కొలుస్తారో ఒకసారి చూడు. సర్టిఫికేట్ ఉన్న రోడ్ రేసులన్నీ సైకిల్‌తో కొలుస్తారు. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అని చిన్న పరికరం ఉంటుంది, చక్రం ఎంత తిరిగిందో లెక్కపెడుతుంది. స్టీల్ టేపుతో కొలిచిన ఒక తిన్నని దారి మీద ఆ సైకిల్‌ని ముందు నాలుగుసార్లు, కోర్సు కొలిచాక మళ్ళీ నాలుగుసార్లు నడిపి సరిచూస్తారు. ఎండకి టైరులో గాలి వ్యాకోచించినా లెక్క చెడిపోకుండా ఉండటానికే రెండోసారి.

ఇందులో ముఖ్యమైనవి రెండు. ఒకటి, కొలిచేది అతి దగ్గరి దారిని. మలుపుల్లో లోపలి అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, రెండు మలుపుల మధ్య సూటిగా. రెండు, కోర్సు పొరపాటున కూడా తక్కువ కాకూడదని కావాలనే వెయ్యిలో ఒక వంతు కలుపుతారు. హాఫ్‌కి అది 21 మీటర్లు, మారథాన్‌కి 42 మీటర్లు. అంటే నిర్వాహకులు ఇచ్చిన అదనం 21 మీటర్లే. మిగతా 240 మీటర్లు మీ వాచ్‌లు, మీ కాళ్ళు కలిసి చేసినవి.

మూడోలేన్
కాళ్ళు ఏం చేశాయన్నా? నేను సూటిగానే పరిగెత్తాను.

కొలతబద్ద
సూటిగా అంటే రోడ్డు మధ్యలోనా? 90 డిగ్రీల మలుపులో కొలిచిన గీతకి 5 మీటర్లు బయటగా వెళ్తే దాదాపు 8 మీటర్లు ఎక్కువ పరిగెత్తినట్టు. బస్‌లో ఉన్నవాళ్ళు లోపలి అంచుకి ఎలాగూ రాలేరు, జెండా చుట్టూ గుంపు ఉంటుంది. నీళ్ళ బల్ల దగ్గర పక్కకి వెళ్ళి మళ్ళీ రావడం, ముందువాళ్ళని తప్పించుకుంటూ పోవడం, ఇవన్నీ మీటర్లే. వీటి మీద వాచ్ పొరపాటు. అది సెకనుకోసారి నీ చోటు అంచనా వేస్తుంది, ఆ చుక్కలు నీ దారికి అటూ ఇటూ పడతాయి. చుక్కల్ని కలిపే గీత నువ్వు వేసిన దారికన్నా వంకరగా ఉంటుంది, వంకర గీత ఎప్పుడూ పొడవే. ఎత్తైన భవనాల మధ్య, ఫ్లైఓవర్ కింద అయితే చెప్పనక్కర్లేదు.

మూడోలేన్
సరే. కానీ కోర్సు ఎప్పుడూ తప్పే కాదన్నట్టు మాట్లాడుతున్నావు. 2021 బ్రైటన్ మారథాన్‌లో 568 మీటర్లు ఎక్కువ పరిగెత్తించారు, వాళ్ళే ఒప్పుకున్నారు.

కొలతబద్ద
తప్పులు జరుగుతాయి, ఎవరు కాదన్నారు. తక్కువ కూడా అవుతాయి. మాంచెస్టర్ మారథాన్ 2013 నుంచి 2015 దాకా మూడేళ్ళు 380 మీటర్లు తక్కువగా నడిచింది. 1981లో న్యూయార్క్‌లో అల్బెర్టో సలజార్ 2:08:13తో ప్రపంచ రికార్డు అన్నారు, తర్వాత మళ్ళీ కొలిస్తే దారి 150 మీటర్ల దాకా తక్కువ తేలింది, రికార్డు పోయింది.

మన రేసులో తప్పుందా లేదా తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఒక్కో కి.మీ. బోర్డు దగ్గర మీ వాచ్ ఎంత చూపించిందో రాయండి. కోర్సు మళ్ళింపులో తప్పు జరిగి ఉంటే తేడా ఒక్కచోటే ఒక్కసారిగా దూకుతుంది, అందరి వాచ్‌లోనూ అక్కడే దూకుతుంది. కిలోమీటర్ కిలోమీటర్‌కీ పదేసి మీటర్లు పెరుగుతూ పోతే అది కోర్సు కాదు.

గాలివాటం
చూశాను. 5 దగ్గర 5.05, 10 దగ్గర 10.10, 15 దగ్గర 15.15. దూకుడేమీ లేదు, నెమ్మదిగా పెరుగుతూ వచ్చింది.

లేస్‌ముడి
నాదీ అంతే. ఫ్లైఓవర్ కింద మాత్రం నా వాచ్ నేను 3:10 పేస్‌లో పోయానంది. ఆ స్క్రీన్ షాట్ ఫ్రేమ్ కట్టించుకుంటా.

మూడోలేన్
మీ ఇద్దరిదీ మెల్లగానే పెరిగిందిగా. సరే, మెయిల్ పెట్టను. అయినా 2:01 నాకు నచ్చలేదు.

నిమ్మళం
నేను కూడా ఆ బస్‌లోనే ఉన్నాను, 17 దగ్గర దిగిపోయాను. నా చిప్ టైమ్ 1:59:48. ఎలాగో చెప్తాను.

ముందు రోజు రాత్రి స్ప్లిట్లు (ఏ బోర్డు దగ్గర ఎంత టైమ్ ఉండాలో) చేతి మీద పెన్నుతో రాసుకున్నాను. వాచ్‌లో మొత్తం సమయం ఒక్కటే స్క్రీన్ మీద ఉంచాను, పేస్ కనపడకుండా తీసేశాను. 5 కి.మీ. బోర్డు దగ్గర 28:41 అయింది. నా చేతి మీద 28:20 ఉంది. 21 సెకన్లే కదా, మొదట్లో గుంపు ఉంటుంది, సర్దుకుంటుందిలే అనుకున్నాను. 10 దగ్గర 57:22. ఉండాల్సింది 56:40. అప్పుడు పేసర్ గారితో ‘అన్నా, లేట్ అవుతున్నాం’ అన్నాను. ‘పేస్ కరెక్టుగా ఉంది’ అన్నారు. వాచ్ చూపించారు, నిజంగానే 5:40 ఉంది. నాకే అనుమానం వచ్చి ఊరుకున్నాను.

15 బోర్డు దాటేసరికి 1:26:04. నిమిషం పైన వెనక. ఇంక ఆగలేదు. 17 తర్వాత ఒక్కదాన్నే ముందుకి వచ్చేశాను. మిగిలిన 4 కి.మీ. 5:26 పేస్‌లో లాగాల్సి వచ్చింది. చివరి రెండు నరకం.

జెండామోత
నువ్వు 10 దగ్గర అన్నది గుర్తుంది అక్కా. అప్పుడు బోర్డు తప్పు పెట్టారేమో అనుకున్నాను, ఒక్కోసారి వలంటీర్లు స్తంభం దొరికిన చోట కట్టేస్తారు. ఒక్క బోర్డుని నమ్మి పాతికమందిని పరిగెత్తించలేం కదా.

కొలతబద్ద
అది సరైన మాటే. ఒక్క బోర్డుని నమ్మకూడదు. వరసగా రెండు బోర్డులు ఒకే దిక్కుకి తేడా చూపిస్తే నమ్మాలి. 5లో 21 సెకన్లు, 10లో 42. సరిగ్గా రెట్టింపు. అది బోర్డు తప్పు కాదు, వాచ్ తేడా.

పేసర్లుగా వెళ్ళేవాళ్ళు ఇది రాసి పెట్టుకోండి. 1:59:33కి అధికారిక బోర్డుల దగ్గర ఉండాల్సినవి:

5 కి.మీ. – 28:20
10 కి.మీ. – 56:40
15 కి.మీ. – 1:25:00
20 కి.మీ. – 1:53:20

వాచ్ 21.36 చూపించే అవకాశం ఉన్న కోర్సులో 2 గంటల లోపు రావాలంటే వాచ్ మీద కనీసం 5:37 ఉండాలి. మూడు సెకన్ల తేడా చిన్నదే, కానీ 21సార్లు పడుతుంది. ఆటో ల్యాప్ (వాచ్ తనంతట తానే కిలోమీటర్లు లెక్కపెట్టుకోవడం) ఆపేసి, బోర్డు దాటినప్పుడల్లా చేత్తో ల్యాప్ నొక్కుకుంటే ఈ తలనొప్పి సగం పోతుంది.

కొత్తబూట్లు
నేను కొత్త. ఒక డౌట్. నా సర్టిఫికేట్‌లో రెండు టైమ్‌లు ఉన్నాయి, 2:02:09 అని ఒకటి, 2:01:06 అని ఒకటి. ఏది నాది?

తెల్లారిపరుగు
మొదటిది గన్ టైమ్, స్టార్ట్ ఇచ్చినప్పటినుంచి. రెండోది చిప్ టైమ్, నువ్వు స్టార్ట్ గీత దాటినప్పటినుంచి. గుంపులో గీత దాటేసరికి నీకు నిమిషం పైన పట్టింది. రోడ్ రేసుల్లో గెలుపోటములకీ రికార్డులకీ గన్ టైమే అధికారికం. మనలాంటివాళ్ళకి చిప్ టైమే లెక్క. బోస్టన్ మారథాన్ అర్హతకి కూడా చిప్ టైమే తీసుకుంటారు. కాబట్టి హాయిగా 2:01:06 చెప్పుకో.

పాతబూట్లు
అందరూ అయ్యాక నేను ఒక చేదు మాట చెప్తాను. వాచ్, బోర్డు, మలుపులు అన్నీ నిజమే. కానీ ఆ బస్‌లో ఉన్నవాళ్ళలో సగం మంది 2 గంటల బస్ ఎక్కాల్సినవాళ్ళు కాదు.

పీట్ రీగల్ అని ఒక ఇంజనీర్ ఉండేవాడు, కోర్సులు కొలిచే పనిలోనూ పేరున్న మనిషి. ఒక దూరంలో నీ టైమ్ తెలిస్తే ఇంకో దూరంలో ఎంత వస్తుందో చెప్పే సూత్రం ఆయనదే. ఇవాళ సైట్లలో కనపడే రేస్ ప్రెడిక్టర్లలో చాలావాటికి ఆధారం అదే. దూరాల నిష్పత్తిని 1.06 ఘాతానికి పెంచి పాత టైమ్‌తో గుణించడమే. 10కె 54 నిమిషాల్లో చేసినవాళ్ళకి హాఫ్ 1:59:09 వస్తుంది. 56లో చేసినవాళ్ళకి 2:03:34. ఇది కూడా లాంగ్ రన్లు సరిగ్గా చేసినవాళ్ళ సంగతి.

మీ 10కె టైమ్‌లు మన షీట్‌లో ఉన్నాయి, నేను చూశాను. 56, 57 ఉన్నవాళ్ళు 2:01కి వచ్చారంటే పేసర్ మీకు ఇచ్చింది తక్కువేం కాదు. అతను బోర్డుల ప్రకారం 5:40 పట్టి ఉంటే మీలో కొందరు 16 దగ్గర నడిచేవాళ్ళు.

లేస్‌ముడి
అయ్యో గురువుగారూ, పేరు చెప్పకుండా నన్నే అన్నారు 🙏

మూడోలేన్
నాది 53:50. నేను మాత్రం ఎక్కాల్సినవాణ్ణే.

పాతబూట్లు
నువ్వు ఎక్కాల్సినవాడివే. 15లో వెనకబడ్డామని తెలిసి కూడా జెండా వెనకే ఎందుకున్నావన్నది నీకే తెలియాలి. అక్క దిగిపోయింది కదా.

మూడోలేన్
నాకు తెలియలేదు గురూ. నేను బోర్డులు చూడనే లేదు. పేసర్ ఉన్నాడు కదా అని వాచ్ కూడా చూడలేదు.

తెల్లారిపరుగు
ఇక శిక్షణ సంగతికి వద్దాం. గురువారం టెంపో మీద నాకు ఎప్పటినుంచో ఒక ఫిర్యాదు ఉంది, ఇప్పుడు చెప్పేస్తాను. 20 నిమిషాల టెంపో అని మొదలుపెడతాం. ఐదో నిమిషానికి ఒకరు ముందుకి పోతారు, వెనకవాళ్ళు ఊరుకోరు, పదో నిమిషానికి అది రేసు. చివర్లో అందరూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయి ఉంటారు. ఆదివారం లాంగ్ రన్‌కి సగం మంది రారు.

పాతబూట్లు
టెంపో అంటే గంటసేపు మొయ్యగలిగే వేగం. అందులో 20 నిమిషాలే మోస్తున్నాం. ఆపమన్నప్పుడు ‘ఇంకో పది నిమిషాలు పోగలను’ అనిపించాలి. ఒకటి రెండు చిన్న మాటలు అనగలగాలి, కథ చెప్పేంత ఊపిరి ఉండకూడదు. వంగిపోయారంటే అది టెంపో కాదు, 5కె రేసు.

2 గంటల హాఫ్ కోరుకునేవాళ్ళకి టెంపో 5:25 చుట్టూ ఉంటే చాలు. ఈజీ రన్లు 6:20 నుంచి 7:00. ఆ 7:00 చూసి నవ్వకండి. మీరు ఈజీ రోజుల్లో 5:50లో పరిగెడుతున్నారు, అందుకే కష్టం రోజుల్లో కష్టపడలేకపోతున్నారు.

గాలివాటం
హార్ట్ రేట్ పెట్టుకుని చేస్తే? 220లోంచి వయసు తీసేసి...

పాతబూట్లు
ఆ సూత్రం సగటుకి పనికొస్తుంది, మనిషికి పనికిరాదు. ఒకే వయసున్న ఇద్దరికి గరిష్ఠ హార్ట్ రేట్ 20 బీట్లు తేడా ఉండొచ్చు. 2001లో ఇంకొకటి వచ్చింది, 208లోంచి వయసుని 0.7తో గుణించి తీసెయ్యాలి. పెద్ద వయసువాళ్ళకి అది కాస్త దగ్గరగా ఉంటుంది. అయినా అదీ సగటే. మాట పరీక్షే మంచిది, బ్యాటరీ అయిపోదు.

కొత్తబూట్లు
ఇంకో డౌట్ సార్. రేస్ అయినప్పటినుంచి తొడలు పట్టేశాయి, మెట్లు దిగలేకపోతున్నాను. అది మామూలేనా? ఎడమ కాలి ముందు ఎముక మీద కూడా ఒకచోట నొప్పిగా ఉంది.

నిమ్మళం
తొడలు మామూలే. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా ఎక్కువుండి తర్వాత తగ్గిపోతుంది. నడక మంచిది. ఎముక నొప్పి సంగతి వేరు. వేలితో నొక్కితే ఒక్క చుక్క దగ్గరే నొప్పి ఉందా? లేక ఎముక పొడుగునా ఉందా? ఒంటికాలి మీద గెంతితే గుచ్చినట్టు ఉంటుందా? రాత్రి పడుకున్నప్పుడు కూడా ఉందా?

కొత్తబూట్లు
ఒక్కచోటే. గెంతితే ఉంది.

నిమ్మళం
అయితే పరుగు ఆపెయ్యి, డాక్టర్‌కి చూపించు. షిన్ స్ప్లింట్స్ (పరుగు ఒత్తిడికి ముంగాలిలో వచ్చే నొప్పి) అయితే నొప్పి చాలావరకు పొడుగునా పరుచుకుని ఉంటుంది. ఒకే చుక్క దగ్గర గుచ్చితే ఎముకలో సన్న పగులు మొదలైందేమో చూడాలి. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, అది బాగుందని చెప్పి మళ్ళీ పరుగు మొదలుపెట్టకు. డాక్టర్‌కి గెంతితే నొప్పి అన్న సంగతి తప్పకుండా చెప్పు.

తెల్లారిపరుగు
@కొత్తబూట్లు మంగళవారం రావద్దు. వచ్చినా స్టాప్‌వాచ్ పట్టుకోవడానికే.

లేస్‌ముడి
నీళ్ళ గురించి ఎవరూ అనలేదేం? నేను ప్రతి బల్ల దగ్గరా రెండేసి గ్లాసులు తాగాను. చివర్లో కడుపు గుడగుడ, తల తిరుగుడు. డీహైడ్రేషన్ అనుకుని ఇంకా తాగాను.

పాతబూట్లు
అలా తాగకు నాయనా. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువుంది. ఎక్కువ తాగి, రేస్ అయ్యేసరికి బరువు పెరిగినవాళ్ళలో అది ఎక్కువ. మెల్లగా పరిగెత్తేవాళ్ళకి తాగడానికి టైమ్ కూడా ఎక్కువ కదా. దాహం వేస్తే తాగు, అంతే. తల తిరుగుడుతో పాటు వాంతి, తికమక ఉంటే నీళ్ళు పట్టించడం కాదు, వైద్య సిబ్బంది దగ్గరికి తీసుకెళ్ళాలి.

జెండామోత
మంగళవారం ట్రాక్ సెషన్ నేను నడుపుతాను, మీకు అభ్యంతరం లేకపోతే. వచ్చే రేసులో కూడా నేనే పేసర్ని, కాబట్టి నాకూ అవసరమే. రేస్ కాళ్ళు ఇంకా తేరుకోలేదు కాబట్టి గట్టిది వద్దు. 1000 మీటర్లు నాలుగు, ఒక్కోదాని మధ్య రెండు నిమిషాల నడక. పేస్ 5:40, హాఫ్ పేసే. వాచ్ మీద టేపు అంటించాలి. ప్రతి 200 దగ్గర నేను విజిల్ వేస్తాను, 68 సెకన్లకోసారి. విజిల్‌కి మీరు 200 గుర్తు దగ్గర ఉండాలి. ముందున్నా వెనకున్నా అక్కడే సర్దుకోకండి, తర్వాతి 200లో మెల్లగా సర్దుకోండి.

కొలతబద్ద
బాగుంది. ఆదివారం లాంగ్ రన్‌లో మలుపులు నేను చూపిస్తాను. రోడ్డు ఖాళీగా ఉండే దారిలోనే, ట్రాఫిక్ ఉన్నచోట ఈ విద్యలు వద్దు. ఎదురుగా వచ్చే మలుపు ఎటు ఉందో ముందే చూసుకుని అటువైపు అంచుకి ఏటవాలుగా వెళ్ళడమే. చివరి నిమిషంలో అడ్డంగా దూకితే పక్కవాడి కాళ్ళకి తగులుతుంది.

మూడోలేన్
ట్రాక్ మీద అందరం లేన్ 1లో పట్టం కదా?

కొలతబద్ద
నీ పేరే మూడోలేన్, నువ్వే అడుగుతున్నావా 😀 లేన్ 1లో చుట్టు 400. రెండులో 407, మూడులో 415కి కాస్త తక్కువ, నాలుగులో 422. మూడో లేన్‌లో రెండున్నర చుట్లు తిరిగి 1000 అనుకుంటే దాదాపు 37 మీటర్లు ఎక్కువ పరిగెత్తినట్టు.

జెండామోత
విజిల్ గ్రూప్ లేన్ 1, 2లో ఇద్దరిద్దరుగా. రెండులో ఉన్నవాళ్ళు వంపుల్లో లోపలివాళ్ళ వెనక సర్దుకోండి. వార్మప్ జాగింగ్ చేసేవాళ్ళు బయటి లేన్లలో ఉండండి, లోపలికి రావద్దు. 5:40 ఇప్పుడు వద్దు అనుకునేవాళ్ళకి 6:00 గ్రూప్ కూడా పెడదాం, వాళ్ళకి 72 సెకన్ల విజిల్. అది ఎవరు వేస్తారు?

కొత్తబూట్లు
నేను వేస్తాను అన్నా. ఎలాగూ పరిగెత్తను.

తెల్లారిపరుగు
డాక్టర్‌కి చూపించుకుని వస్తేనే.

కొత్తబూట్లు
సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నానన్నా.

లేస్‌ముడి
నేను 6:00 గ్రూప్. గురువుగారు షీట్ చూస్తున్నారు.